ఊరు విడిచిన బాకా

అమెరికా దక్షిణ ప్రాంతంలో, మిసిసిపీ నది సముద్రంలో కలవబోయే ముందు పెద్ద వంపు తిరిగేచోట న్యూ ఆర్లియన్స్ అనే నగరం ఉంది. దాన్ని 1718లో ఫ్రెంచివారు కట్టారు. కొంతకాలం స్పెయిన్ ఏలింది. 1803లో అమెరికా ప్రభుత్వం చుట్టుపక్కల భూభాగంతో సహా డబ్బిచ్చి కొనేసింది. నగరంలో చాలా భాగం నీటిమట్టానికి దిగువన ఉంటుంది. వరద వస్తే గట్టే దిక్కు. మన డెల్టా ఊళ్ళవాళ్ళకి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

జాజ్ సంగీతానికి పుట్టిల్లు ఈ ఊరేనని చాలామంది ఒప్పుకుంటారు. మరి ఆ ఊరి ఆత్మను అందరికన్నా బాగా పట్టుకున్న బ్యాండు ఏది? ఈ మాట మీద అభిమానుల తగువు తెగదు. కొందరు బడ్డీ బోల్డెన్ బ్యాండు అంటారు. బోల్డెన్ కార్నెట్ వాయించేవాడు. కార్నెట్ అంటే ట్రంపెట్‌కి చెల్లెలి వరస వాద్యం, మన బాకా జాతిదే. ఆయన 1907లో మతి చలించి ఆస్పత్రి పాలై, 1931లో అక్కడే కన్నుమూశాడు. ఆయన వాయించిన ఒక్క స్వరం కూడా రికార్డుగా మనకు దక్కలేదు. ఇంకొందరు ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాజ్ బ్యాండు అంటారు. ఆ ఊరి తెల్లవాళ్ళు అయిదుగురు 1917లో న్యూయార్క్‌లో మొట్టమొదటి జాజ్ రికార్డు ఇచ్చారు. కాని ఆ సంగీతాన్ని పెంచి పోషించిన నల్లవాళ్ళు ఆ రికార్డులో ఒక్కరూ లేరు.

నన్నడిగితే, ఆ ఊళ్ళో ఒక్క కచేరీ కూడా చెయ్యని బ్యాండు పేరు చెబుతాను. దాని పేరు హాట్ ఫైవ్. దాని నాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే ఆయన జీవితం చెప్పుకోవాలి.

ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జూలై 4న పుట్టానని బతికినంతకాలం చెప్పుకున్నారు. అది అమెరికా స్వాతంత్ర్య దినం. ఆయన పోయిన తర్వాత చర్చి రిజిస్టరు తీసి చూస్తే 1901 ఆగస్టు 4 అని తేలింది. ఇందులో నాకేమీ వింత కనిపించలేదు. బడిలో చేర్చుకున్న రోజున మేష్టారు వేసిన తేదీయే ఇవాళ్టికీ మా నాన్నకు పుట్టినరోజు.

తండ్రి వాళ్ళను వదిలేసి పోయాడు. తల్లి మేరీ ఆన్ చెరకు తోటల పల్లె నుంచి పట్నం వచ్చిన మనిషి. కొడుకు పుట్టేనాటికి ఆమెకు పదహారేళ్ళు ఉంటాయేమో. మొదటి కొన్నేళ్ళు నాయనమ్మే పెంచింది. వాళ్ళుండే పేట పేరు యుద్ధభూమి. అక్కడ రాత్రిళ్ళు కత్తిపోట్లు మామూలు కనుక ఆ పేరు వచ్చింది. పిల్లవాడు లూయీ పనికి కుదిరాడు. లిథువేనియా నుంచి వలస వచ్చిన కర్నోఫ్‌స్కీ అనే యూదు కుటుంబం పాత సామాను కొనడం, బొగ్గు అమ్మడం చేసుకు బతికేది. వాళ్ళ బండి మీద కూర్చుని జనాన్ని పిలవడానికి రేకు బూర ఊదడం వీడి పని. తాకట్టు కొట్లో అయిదు డాలర్ల పాత కార్నెట్ మీద మనసుపడితే, కొనుక్కోవడానికి డబ్బు సర్దింది ఆ ఇంటివాళ్ళే. వాళ్ళు పెట్టిన అన్నాన్ని ఆయన ముసలితనంలో కూడా తలుచుకుని రాశారు.

ఆ ఊరి ఆత్మ అన్నాను గదా, అదెలాంటిదో ఇక్కడ చెప్పాలి. న్యూ ఆర్లియన్స్‌లో శవయాత్రకు బ్యాండు వస్తుంది. శ్మశానం దాకా నెమ్మదిగా, ఏడుపు గొంతుతో భక్తిగీతాలు వాయిస్తారు. మట్టి చేశాక, కొంత దూరం వెనక్కి నడిచి, డోలు మోత మార్చి, గంతులు వేయించే పాటలు ఎత్తుకుంటారు. బ్యాండూ బంధువులూ మొదటి వరస. వాళ్ళ వెనకాల చేతిగుడ్డలూ గొడుగులూ ఊపుతూ చిందులేసే జనం రెండో వరస. దానికి టిక్కెట్టు లేదు, పిలుపు లేదు. దారిన పోయేవాడెవడైనా చేరిపోవచ్చు. లూయీ సంగీతం నేర్చుకున్న మొదటి బడి ఆ రెండో వరసే. పండు ముసలి పోతే డప్పులతో, చిందులతో సాగనంపే మన పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఇదంతా చప్పున అర్థమవుతుంది.

1912 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరపు సంబరంలో, ఇంట్లో ఉన్న పిస్తోలు తీసుకెళ్ళి వీధిలో గాల్లోకి పేల్చాడు. పోలీసులు పట్టుకుని నల్లపిల్లల అనాథ శరణాలయంలో వేశారు. శిక్షగా వేసిన ఆ చోటే వాడికి వరమైంది. అక్కడ పీటర్ డేవిస్ అనే గురువు పిల్లల బ్యాండు నడిపేవాడు. మొదట ఈ కుర్రాణ్ణి నమ్మలేదట. ముందు కంజిర లాంటి టాంబరిన్ ఇచ్చి, తర్వాత ఒక్కొక్క మెట్టే ఎక్కించి, చివరికి కార్నెట్ చేతికిచ్చి బ్యాండుకే నాయకుణ్ణి చేశాడు. 1914లో బయటికొచ్చాక పగలు కంచరగాడిద బండి మీద బొగ్గు తోలడం, రాత్రి సారా కొట్లలో వాయించడం.

అప్పుడు ఊళ్ళో కార్నెట్ అంటే జో ఆలివర్. అందరూ ఆయన్ని కింగ్ అనేవారు. లూయీ ఆయన ఇంటి పనులు చేసిపెట్టేవాడు, బజారు పనులకు తిరిగేవాడు. ఆయన బదులుగా పాఠాలు చెప్పేవాడు, తన పాత కార్నెట్ కూడా ఇచ్చేశాడు. గురుకులవాసం మన దేశంలోనే ఉందనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆలివర్ షికాగో వెళ్ళిపోయాక ఆ ఖాళీ శిష్యుడికి దొరికింది. 1919 నుంచి ఫేట్ మారబుల్ బ్యాండుతో మిసిసిపీ పడవల మీద తిరుగుతూ, స్వరలిపి చూసి వాయించడం కూడా నేర్చుకున్నాడు.

1922 ఆగస్టులో ఆలివర్ నుంచి తంతి వచ్చింది. షికాగో రమ్మని. తల్లి చేపముక్కలు పెట్టిన రొట్టె కట్టి ఇచ్చింది. ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు రైలెక్కాడు. ఆయన ఒక్కడే కాదు. దక్షిణాది పత్తి చేలల్లో, చెరకు తోటల్లో అవమానాలు పడలేక లక్షలమంది నల్లవాళ్ళు ఆ కాలంలో ఉత్తరాది పట్నాలకు తరలిపోయారు. షికాగోలో ఆలివర్ బ్యాండు ముందు నిలబడి విన్నవాళ్ళలో ఊరు వదిలి వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు ఆ బ్యాండు వినడమంటే ఒక పూట ఇంటికి వెళ్ళి రావడమే.

1923 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో ఆ బ్యాండు మొదటిసారి రికార్డు చేసింది. సైన్సు విద్యార్థిని కనుక ఇక్కడ రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. అప్పటికి రికార్డింగులో మైకు లేదు. గోడలోంచి ఒక పెద్ద కొమ్ము బయటికి ఉంటుంది. శబ్దం దాంట్లో దూరి ఒక పల్చటి పొరను కదిలిస్తుంది, పొర సూదిని కదిలిస్తుంది, సూది మైనపు పళ్ళెం మీద గాడి గీస్తుంది. పెద్ద డోలు గట్టిగా కొడితే సూది ఎగిరిపడుతుంది. అంచేత డ్రమ్ములవాడు చెక్క ముక్కల మీద కొట్టి సరిపెట్టుకోవాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదితే గురువుగారి కార్నెట్ వినబడ్డం లేదని, శిష్యుణ్ణి దూరంగా మూలకు నిలబెట్టారని చెప్పుకుంటారు.

ఆ బ్యాండులోనే పియానో వాయించిన లిల్ హార్డిన్‌ను ఆయన 1924లో పెళ్ళి చేసుకున్నారు. గురువు నీడలోంచి బయటికి రమ్మని పట్టుబట్టింది ఆవిడే. ఒక ఏడాది న్యూయార్క్‌లో చేసి తిరిగి వచ్చాక, 1925 నవంబరు 12న షికాగోలో హాట్ ఫైవ్ మొదటి రికార్డు వచ్చింది. కార్నెట్ ఆర్మ్‌స్ట్రాంగ్, ట్రాంబోన్ కిడ్ ఓరీ, క్లారినెట్ జానీ డాడ్స్, బాంజో జానీ సెయింట్ సిర్, పియానో లిల్. లిల్ ఒక్కతే మెంఫిస్ మనిషి, మిగతా అందరిదీ న్యూ ఆర్లియన్స్ నేపథ్యమే. ఇది దాదాపుగా రికార్డుల కోసమే కూడిన బ్యాండు.

ఆ రికార్డులు వింటే ఏమవుతుంది? కార్నెట్ పాటను నడిపిస్తుంటుంది. క్లారినెట్ పైన అల్లుకుంటుంది. ట్రాంబోన్ కింద నుంచి ఆసరా ఇస్తుంది. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి మాటా ఎవరికీ అడ్డు రాదు. అదే ఆ వీధి ఊరేగింపు. ఇంతలో ఒక గొంతు గుంపులోంచి ముందుకొచ్చి తన కథ చెప్పుకుని మళ్ళీ కలిసిపోతుంది. రెండో వరసలో నడిచిన కుర్రాడు మొదటి వరసలోకి వచ్చాడన్నమాట. 1928 జూన్‌లో చేసిన వెస్ట్ ఎండ్ బ్లూస్ దీనికి శిఖరం. వెస్ట్ ఎండ్ అంటే న్యూ ఆర్లియన్స్‌లో చెరువొడ్డున జనం షికారు వెళ్ళే చోటు. పాట కట్టింది జో ఆలివర్. మొదట్లో పది పన్నెండు సెకన్లపాటు బాకా ఒక్కటే మోగుతుంది. తాళం లేదు, తోడు లేదు. ఆ కొద్ది క్షణాల తర్వాత జాజ్ వాయించే పద్ధతే మారిపోయిందంటారు. అప్పటికి పాత జట్టు మారింది. పియానో మీద ఉన్న ఎర్ల్ హైన్స్ పిట్స్‌బర్గ్ వైపు మనిషి. అయినా అందులో ఆ ఊరే వినిపిస్తుంది. ఊరి ఆత్మ రక్తంలో ఉండేది కాదు, నేర్చుకోవచ్చు, నేర్పవచ్చు అని నాకు అక్కడే తెలిసింది.

మరి ఊరు ఆయన్నెలా చూసింది? 1931లో తొమ్మిదేళ్ళ తర్వాత వస్తే స్టేషనులో జనం, బ్యాండులు. కాని కచేరీ తెల్లవాళ్ళకు మాత్రమే ప్రవేశమున్న చోట. నల్లవాళ్ళు బయట నది గట్టు మీద కూర్చుని కిటికీల్లోంచి వచ్చిన పాట విన్నారు. ఆయన్ని రేడియోలో పరిచయం చెయ్యడానికి అనౌన్సరు నిరాకరిస్తే, ఆయనే మైకు ముందుకొచ్చి తన్ను తాను పరిచయం చేసుకున్నారు. 1956లో లూసియానా రాష్ట్రం నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వినోదాల్లో పాల్గొనరాదని చట్టం చేసింది. ఆయన బ్యాండులో ఇద్దరూ ఉన్నారు. బ్యాండును విడగొట్టి పుట్టిన ఊరికి వెళ్ళడం కన్నా వెళ్ళకపోవడమే మేలనుకున్నారు. చాలాకాలం ఆయన్ని తెల్లవాళ్ళ ముందు పళ్ళికిలించే మనిషని యువకులు ఎగతాళి చేసేవారు. అలాంటి మనిషి 1957లో, లిటిల్ రాక్‌లో నల్లపిల్లల్ని బడిలోకి రానివ్వనప్పుడు, దేశాధ్యక్షుణ్ణే బహిరంగంగా తప్పుపట్టి, ప్రభుత్వం తరపున సోవియట్ దేశానికి వెళ్ళే యాత్ర మానుకున్నారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. 1965లో ఆయన మళ్ళీ తన ఊళ్ళో వాయించారు. 1971 జూలై 6న న్యూయార్క్‌లోని తన ఇంట్లో నిద్రలో పోయారు. ఆయన పుట్టిన ఇంటిని 1964లోనే కూలగొట్టేశారు. విమానాశ్రయానికి ఆయన పేరు 2001లో పెట్టారు.

ఇది చదువుతుంటే మా వైపు పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. మా ఊరి బ్యాండు మేళం లేనిదే మా రైతుల ఇళ్ళల్లో పెళ్ళికొడుకు గుమ్మం దిగేవాడు కాదు. అయినా క్లారినెట్ ఊదిన పెద్దాయన ఆఖరి పంక్తి దాకా పందిరి బయటే నిలబడేవాడు. డప్పు కొట్టేవాళ్ళ సంగతి ఇంకా చెప్పక్కరలేదు. నది గట్టు మీద కూర్చోబెట్టడం అమెరికావాళ్ళకే చాతనవును అనుకోకూడదు. ఇప్పుడు డీజే పెట్టెలు వచ్చాయి. మేళంలో సగంమంది కూలికి పోతున్నారు.

బోల్డెన్ స్వరం ఒక్కటీ మిగల్లేదు, ఆర్మ్‌స్ట్రాంగ్ స్వరం మిగిలింది. తేడా ఒక్క మైనపు పళ్ళెం. ఇవాళ మన జేబుల్లో అంతకు వెయ్యిరెట్లు మంచి యంత్రం ఉంది. ఈ వేసవి సెలవుల్లో మా మేళం పెద్దల్ని పిలిచి, మా అరుగు మీద కూర్చోబెట్టి, వాళ్ళకు వచ్చినదంతా రికార్డు చెయ్యాలని నేను అనుకున్నాను. భోజనం అందరితోపాటు మొదటి పంక్తిలోనే అని నాన్నతో చెప్పాను. ఆయన సరేనన్నారు. పల్లెల నుంచి ఈ కాలేజీకి వచ్చిన మిత్రులందరూ తలా ఒక ఊరు పట్టుకోండి. మళ్ళీ జూన్‌లో కలిసినప్పుడు ఎవరు ఏం తెచ్చారో కామన్ రూములో కూర్చుని విందాం.