అడా లవ్‌లేస్

అగస్టా అడా కింగ్, లవ్‌లేస్ కౌంటెస్ (డిసెంబరు 10, 1815 – నవంబరు 27, 1852) ఇంగ్లాండుకు చెందిన గణితజ్ఞురాలు, ఆంగ్ల కవి లార్డ్ బైరన్ కుమార్తె. చార్లెస్ బాబేజ్ రూపకల్పన చేసిన ఎనలిటికల్ ఇంజన్ అనే గణన యంత్రాన్ని గురించి 1843లో ప్రచురించిన వివరణల వలన ఈమెను తొలి కంప్యూటర్ ప్రోగ్రామరుగా పేర్కొంటారు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారిని నేటికీ తికమకపెట్టే లూపులో లూపు అనే అమరిక ఈ వివరణలలో స్పష్టంగా కనిపిస్తుంది.

బాల్యం, విద్యాభ్యాసం

అడా లండన్‌లో జన్మించింది. నెల దాటగానే తల్లి అన్నబెల్లా బిడ్డతో పుట్టింటికి చేరింది. 1816లో దేశం విడిచి వెళ్ళిన బైరన్, 1824లో గ్రీసులో మరణించేవరకు కుమార్తెను మళ్ళీ చూడలేదు. తండ్రి స్వభావం బిడ్డకు అబ్బరాదన్న పట్టుదలతో తల్లి ఆమెకు చిన్ననాటి నుండే గణితం చెప్పించింది. 1829లో తట్టు సోకిన తరువాత అడా చాలాకాలం మంచాన పడి, పిమ్మట ఊతకర్రలతో నడిచింది. మేరీ సోమర్‌విల్ ఈమెను ప్రోత్సహించింది. 1840 నుండి అగస్టస్ డి మోర్గాన్ వద్ద ఉన్నత గణితం అభ్యసించింది.

1833 జూన్‌లో బాబేజ్‌తో పరిచయమైంది. 1835లో విలియం కింగ్‌ను వివాహమాడింది. 1838లో ఆయనకు ఎర్ల్ పదవి లభించినందున ఈమె లవ్‌లేస్ కౌంటెస్ అయింది. వీరికి ముగ్గురు సంతానం.

1843 వివరణలు

1840లో బాబేజ్ ఇటలీలోని ట్యూరిన్‌లో చేసిన ఉపన్యాసాల ఆధారంగా లూయిజీ మెనబ్రియా (తరువాతి కాలంలో ఇటలీ ప్రధానమంత్రి) 1842లో ఫ్రెంచి భాషలో ఒక వ్యాసం రాశాడు. దానిని అడా ఆంగ్లంలోకి అనువదించి, ఎ నుండి జి వరకు ఏడు వివరణలు చేర్చింది. ఇవి మూలవ్యాసానికి సుమారు మూడు రెట్లు ఉన్నాయి. ఇంత రచనకూ ఆమె ఏ.ఏ.ఎల్. అనే పొడి అక్షరాలతోనే సంతకం చేసింది.

చక్రంలో చక్రం

ఒకే క్రియల వరుస మరల మరల జరగడాన్ని అడా చక్రం అన్నది. ఒక చక్రంలో మరొకటి, దానిలో ఇంకొకటి ఇమడవచ్చునని ఇ-వివరణలో చెప్పింది. జి-వివరణలో దీనికి ఉదాహరణగా బెర్నూలీ సంఖ్యల గణన ఉంది. ఈ శ్రేణిలో ప్రతి కొత్త సంఖ్యకూ అంతకు ముందు కనుగొన్న సంఖ్యలన్నీ కావాలి. అందువలన శ్రేణి సాగేకొద్దీ పని పెరుగుతుంది.

ఆమె పట్టిక నాలుగవ సంఖ్యకు సంబంధించినది. ఇందులో 25 క్రియలు ఉన్నాయి. 13 నుండి 23 వరకు గల క్రియలు లోపలి చక్రం. ఇది మూడవ సంఖ్యకు ఒకసారి, నాలుగవ సంఖ్యకు రెండుసార్లు, అయిదవ సంఖ్యకు మూడుసార్లు తిరుగుతుంది. తిరిగే లెక్కను ఒక చలరాశి చూస్తుంది. 7వ క్రియలో దానికి, కనుగొనవలసిన సంఖ్య వరుసకన్నా ఒకటి తక్కువ విలువ ఇస్తారు. 12వ క్రియలో ఒకటి, లోపలి చక్రం తిరిగిన ప్రతిసారీ 23వ క్రియలో మరొకటి తగ్గిస్తారు. అది సున్నా అయినప్పుడు యంత్రం 24వ క్రియకు పోవాలి. 25వ క్రియలో వరుస సంఖ్యకు ఒకటి కలిపి మళ్ళీ మొదటికి రావాలి. ఇది బయటి చక్రం.

లోపలి చక్రం ఎప్పుడు ఆగాలో బయటి చక్రం నిర్ణయించడమే ఇందులోని కీలకం. విద్యార్థులు మొదట రాసే నక్షత్రాల ప్రోగ్రాంలోనూ ఇదే సూత్రం ఉంది: లోపలి లూపు పరిమితి స్థిరంగా వరుసల సంఖ్యకు సమానమైతే చతురస్రం వస్తుంది, ఆ వరుస సంఖ్య వరకే అయితే త్రిభుజం వస్తుంది. అడా పట్టికలో లోపలి చక్రం ఒక చుట్టు ముందే ఆగితే ఒక పదం కూడికలో చేరదు. వచ్చిన తప్పు సంఖ్య తరువాతి సంఖ్యలన్నిటినీ చెడగొడుతుంది. 7వ క్రియను బయటి చక్రం వెలుపల ఉంచినా ఇంతే: మొదటిసారి సున్నాకు చేరిన లెక్క తిరిగి నిండదు. కొత్తగా నేర్చుకునేవారు తరచుగా చేసే పొరపాటు ఇదే.

ముద్రిత పట్టికలో ఒక దోషం ఉంది. 4వ క్రియలో విభాజ్యం, భాజకం తారుమారయ్యాయి. ఉన్నది ఉన్నట్టు నడిపితే నాలుగవ సంఖ్యకు రావలసిన –1/30 రాదు.

తొలి ప్రోగ్రామర్ వివాదం

బాబేజ్ అంతకు ముందే, 1836–1840 మధ్య, ఈ యంత్రం కోసం చిన్న చిన్న క్రియాపట్టికలు రాసుకున్నాడు. బెర్నూలీ సంఖ్యల బీజగణిత భాగాన్ని తానే సమకూర్చినట్లు, అందులో తాను చేసిన పెద్ద తప్పును అడా పట్టుకున్నట్లు 1864 నాటి స్వీయచరిత్రలో తెలిపాడు. కనుక తొలి ప్రోగ్రామర్ అన్న బిరుదుపై వాదానికి తావుంది. అయితే యంత్రం కేవలం అంకెలకే పరిమితం కాదని, నియమబద్ధమైన ఏ సంకేతాలనైనా, సంగీత స్వరాలను సైతం, నిర్వహించగలదని గ్రహించడం ఆమె ఘనతే.

చివరి రోజులు

గుర్రపు పందాలలో అడా అప్పులపాలైంది. గర్భాశయ క్యాన్సరుతో 36వ ఏట మరణించింది. ఆమె కోరిక మేరకు హక్‌నాల్ చర్చిలో తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు.

ఎనలిటికల్ ఇంజన్ నిర్మాణం పూర్తి కాలేదు కనుక ఆమె పట్టిక ఆ యంత్రంపై ఎన్నడూ నడవలేదు. ఆమె వివరణలు 1953లో బి.వి. బౌడెన్ సంపాదకత్వంలో వెలువడిన గ్రంథంలో పునర్ముద్రణ పొందాయి. అమెరికా రక్షణ శాఖ రూపొందింపజేసిన ప్రోగ్రామింగ్ భాషకు అడా అని పేరు పెట్టారు. 1980లో వెలువడిన ఆ భాషా ప్రమాణపత్రం సంఖ్య 1815, ఆమె జన్మ సంవత్సరం.