హూవర్‌ను దించిన ఓటు

బే ఏరియాలోని మనవాళ్లకు స్టాన్‌ఫర్డ్ క్యాంపస్‌లోని హూవర్ టవర్ బాగా తెలుసు. చుట్టాలొస్తే తీసుకెళ్లి చూపిస్తాం కూడా. ఆ పేరు గల హెర్బర్ట్ హూవర్ అమెరికాకు 31వ అధ్యక్షుడు. మన ఊళ్లలో ఎన్నికలప్పుడు ప్రభుత్వ వ్యతిరేక ఓటు అంటామే, దాని దెబ్బ పూర్తిగా రుచి చూసిన నాయకుడాయన.

1874లో అయోవా రాష్ట్రం వెస్ట్ బ్రాంచ్‌లో ఓ కమ్మరి ఇంట పుట్టారు. పదేళ్లు నిండకముందే అమ్మానాన్నా పోయారు. ఆరెగాన్‌లో మేనమామ దగ్గర పెరిగారు. స్టాన్‌ఫర్డ్ మొదటి బ్యాచ్‌లో చదివి, గనుల ఇంజనీరుగా ఆస్ట్రేలియా, చైనాల్లో పనిచేసి బాగా గడించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆకలితో అల్లాడిన బెల్జియంకు తిండి చేరేలా చూసిందీ ఆయనే. ఆ మంచిపేరుతోనే 1928లో 48 రాష్ట్రాలకు 40 గెలిచారు.

గద్దెనెక్కి ఎనిమిది నెలలు తిరక్కుండానే స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. 1932కల్లా పనిచేసేవాళ్లలో దాదాపు నలుగురికొకరికి ఉద్యోగం లేదు. పరాయి దేశానికి అన్నం పెట్టిన మనిషే, కేంద్రం నేరుగా డబ్బులిస్తే జనం స్వశక్తి దెబ్బతింటుందని బిగదీసుకు కూర్చున్నారు. నిలువనీడలేని వాళ్ల గుడిసెలకు హూవర్‌విల్ అని పేరుపడింది. ఆ జులైలో బోనస్ అడగడానికి వాషింగ్టన్ వచ్చిన మాజీ సైనికులను సైన్యం టియర్ గ్యాస్‌తో తరిమేసింది. ఇక జనం ఆగలేదు. నవంబర్‌లో హూవర్‌కు మిగిలినవి ఆరే రాష్ట్రాలు.

మరి రూజ్వెల్ట్‌ను చూసి వేశారా? ప్రభుత్వ ఖర్చు పావువంతు తగ్గిస్తానని ఆయన ప్రచారంలో చెప్పారు. గెలిచాక పెంచారు! ఆయన ఏం చేయబోతున్నారో ఓటర్లకు సరిగ్గా తెలియదు. హూవర్ పోతే చాలనుకున్నారు. రూజ్వెల్ట్ పని చూసి వేసిన ఓటు 1936లోది. అప్పుడు 46 రాష్ట్రాలు ఇచ్చారు.

మాంద్యం హూవర్ ఒక్కడి తప్పు కాదు. కానీ కుర్చీలో ఉన్నవాడే కదా జవాబు చెప్పాలి! ఓడాక ఆయన ముడుచుకు కూర్చోలేదు. 1946లో ట్రూమన్ అడిగితే, 71 ఏళ్ల వయసులో ప్రపంచ ఆహార కొరతను అంచనా వేయడానికి దేశదేశాలు తిరిగారు. ఇండియాకూ వచ్చారు. 1964లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

సిటిజన్‌షిప్ వచ్చి ఇక్కడ ఓటేస్తున్న మనవాళ్లలోనూ, ఉన్నవాడు దిగితే చాలనేవాళ్లు ఎందరో. అది వాళ్ల హక్కు. కాకపోతే వచ్చేవాడు ఏం చేస్తాడో కూడా ముందే అడిగి తెలుసుకుంటే మంచిది. 1932లో రూజ్వెల్ట్ రావడం జనానికి కలిసొచ్చింది. ప్రతిసారీ అలా కలిసిరాకపోవచ్చు.