రామన్ గాజుపాత్రలో రంగులు

1883 ఆగస్టులో ఇండోనేషియాలో క్రాకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. సెప్టెంబరులో మద్రాసు జనం ఆకాశంలో ఆకుపచ్చ సూర్యుణ్ణి చూశారు. పొగలోంచి చూస్తే సూర్యుడు ఎర్రబడాలి గానీ ఆకుపచ్చగా ఎందుకు మారాడు? దీనికి జవాబిచ్చే ప్రయోగం ఒకటి, వేరే పని మీద, చంద్రశేఖర వెంకట రామన్ చేశారు.

1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో పుట్టిన రామన్ పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మన పిల్లల పరిస్థితికి ఇది మరీ దూరం కాదు. పదకొండో ఏట మెట్రిక్ పూర్తయింది.

1921లో కలకత్తాలో విధుభూషణ్ రేతో కలిసి ఆయన గంధకపు రేణువుల మీద వ్యాసం ప్రచురించారు. పలుచని హైపో ద్రావణంలో కాస్త ఆమ్లం కలిపితే గంధకం సన్నని రేణువులుగా విడిపోతుంది. అందులోంచి దీపాన్ని చూస్తే మొదట పసుపు, తర్వాత ఎరుపు, ఆ తర్వాత దాదాపు చీకటి. మనం అక్కడితో ఆపేస్తాం. రేణువులు ఇంకా పెరిగితే వెలుగు మళ్లీ వస్తుంది, ఈసారి నీలంగా, ఆపై ఆకుపచ్చగా. రంగును తేల్చేది రేణువు పరిమాణమే. (బడిలో చేస్తే కిటికీలు తెరిచి ఉంచండి, ఘాటైన వాయువు వస్తుంది.)

ఆ ఘాటైన వాయువు సల్ఫర్ డయాక్సైడే. అగ్నిపర్వతం బూడిదతో పాటు దాన్నీ చిమ్ముతుంది. బూడిద త్వరగా రాలిపోతుంది. వానమబ్బులకు పైన చేరిన వాయువు మాత్రం కొన్ని వారాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరలుగా మారి, ఏడాది రెండేళ్లు నిలిచి ఎండను అడ్డుకుంటుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినతుబో పేలాక భూమి సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ దాకా తగ్గింది. రేణువులన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటే సూర్యుడు నీలంగానో ఆకుపచ్చగానో కనబడతాడు. అలా కుదరడం అరుదు.

ఆకాశం నీలిరంగుకు కారణం చెప్పింది రామన్ అని పిల్లలు రాస్తుంటారు. అది రేలీ పని. సముద్రపు నీలం ఆకాశపు నీడ మాత్రమే కాదని, నీరే వెలుగును చెదరగొడుతుందని చూపింది రామన్. 1928 ఫిబ్రవరి 28న ఆయన కనుగొన్నది ఇంకా లోతైనది: చెదిరిన వెలుగులో కొద్ది భాగం, తగిలిన అణువును బట్టి రంగు మార్చుకుంటుంది. దానికి 1930లో నోబెల్ వచ్చింది.

1933లో బెంగళూరు వచ్చి భారత విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు. 1937లో ఆ పదవి వదిలినా 1948 దాకా అక్కడే ఆచార్యులుగా ఉన్నారు. తర్వాత తన పేరిటి పరిశోధన సంస్థలోనే గడిపి, 1970 నవంబరు 21న ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

2010లో ఐస్లాండ్ అగ్నిపర్వతపు బూడిద యూరప్ విమానాలను ఆపినప్పుడు, ఆ పొర ఎత్తునూ మందాన్నీ నేల మీది నుంచి కొలిచిన లేజర్ పరికరాల్లో రామన్ లైడార్లూ ఉన్నాయి. నత్రజని అణువులకు తగిలి రంగు మారి తిరిగొచ్చే ఆ కొద్దిపాటి వెలుగునే అవి లెక్కగడతాయి.