సిపాయి జీతానికి నాలుగు సర్కారులు

లోక్‌సభలో పుదుచ్చేరికి ఉన్నది ఒక్క స్థానం. ఆ ఒక్క సభ్యుని ఎన్నుకునేవారిలో పుదుచ్చేరి పల్లెసీమలోని ఏంబలం రైతు ఉన్నాడు. అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం తెలుగువాడూ ఉన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరి పంట ఒకరు ఎరుగరు. అయినా ఇద్దరి ఓటూ ఒకే పెట్టెలోకి చేరుతుంది. ఢిల్లీలో కొత్తగా వచ్చిన పాత్రికేయ మిత్రులు ఈ వింతకు కారణం అడిగినప్పుడల్లా, ఫ్రెంచివారు వదిలి వెళ్లిన ఆస్తి అలా ఉందని చెప్పి ఊరుకోవడం మా పరిపాటి. కాని ఆ ఆస్తి ఎలా వచ్చింది, అంతకు ఎన్నో రెట్లు పెద్ద ఆస్తి ఎలా పోయింది అన్న ప్రశ్నలకు జవాబు వెదికితే, ఒక సేనాని జీవితం ఎదురవుతుంది. ఆయన పేరు చార్లెస్ జోసెఫ్ పతీసియే, మార్క్వి ద బుస్సీ. బొబ్బిలి కథ విన్న తెలుగువారికి ఆయన బుస్సీ దొర.

ఏంబలం పరిసరాల్లో తిరిగినప్పుడు నాకు తోచిన సంగతి ఒకటుంది. అక్కడ తమిళనాడు ఎక్కడ ముగుస్తుందో, పుదుచ్చేరి ఎక్కడ మొదలవుతుందో దారి పొడవునా గమనిస్తూ పోవాలి. పొలాల మధ్య సరిహద్దు వస్తూ పోతూ ఉంటుంది. ఇది ఏ సర్వేయరో గీసిన గీత కాదు. 1749 తరువాత కర్ణాటక నవాబు పదవికి పోటీపడిన చందా సాహెబు, తనకు సైనిక సహాయం చేసిన ఫ్రెంచివారికి పుదుచ్చేరి చుట్టుపట్ల గ్రామాలను ధారాదత్తం చేశాడు. సైన్యం అరువిచ్చి భూమి పుచ్చుకునే ఈ వ్యాపారానికి గవర్నర్ డూప్లే సూత్రధారి కాగా, దానిని గోల్కొండ సీమ దాకా నడిపించిన పాత్రధారి బుస్సీ.

ఆయన 1718 ప్రాంతంలో ఫ్రాన్సులోని స్వాసాన్ పట్టణ సమీపాన జన్మించాడు. చెప్పుకోదగిన సంపద లేని చిన్న ప్రభువుల కుటుంబం. అట్టి కుటుంబాల యువకులకు ఆ రోజుల్లో రెండే దారులు: కత్తి, లేదా ఓడ. బుస్సీ రెండింటినీ పట్టాడు. హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవుల మీదుగా పుదుచ్చేరి చేరి, 1748లో బ్రిటిష్ నౌకాదళాధిపతి బాస్కవెన్ ఆ పట్టణాన్ని ముట్టడించినప్పుడు దాని రక్షణలో పాల్గొన్నాడు. మరుసటి ఏడు ఆంబూరు యుద్ధంలో నవాబు అన్వరుద్దీన్ హతుడయ్యాడు. ఆ పోరులో బుస్సీ పేరు వినవచ్చింది. 1750 సెప్టెంబరులో, అభేద్యమని ప్రసిద్ధికెక్కిన సెంజి దుర్గాన్ని ఒక్క రాత్రిలో పట్టుకోవడంతో ఆ పేరు దక్షిణాపథమంతటా మారుమోగింది.

1751 జనవరిలో ఆయన పుదుచ్చేరి నుంచి ఉత్తరాభిముఖుడై బయలుదేరాడు. వెంట మూడు వందల మంది ఐరోపా సైనికులు, రెండు వేల మంది సిపాయిలు. కొత్తగా దక్కను సుబేదారైన ముజఫర్ జంగును హైదరాబాదు చేర్చి గద్దెపై స్థిరపరచడం ఆయనకు అప్పగించిన పని. ఆ సుబేదారు గద్దె చేరలేదు. ఫిబ్రవరిలో కడప సీమలోని రాయచోటి ప్రాంతంలో కడప, కర్నూలు, సావనూరు నవాబులు తిరగబడగా జరిగిన పోరులో మరణించాడు. సేనలో కలవరం రేగింది. మరొక సేనాని అయితే వెనుదిరిగి ఉండేవాడు. బుస్సీ శిబిరంలోనే బందీగా ఉన్న సలాబత్ జంగును బయటకు తెచ్చి సుబేదారుగా నిలబెట్టాడు. దారిలో కర్నూలును కొట్టి, హైదరాబాదు మీదుగా ఔరంగాబాదు చేరి, నూతన పాలకుణ్ణి ప్రతిష్ఠించాడు. దక్కనులో ప్రభువును తయారుచేసే అధికారం ఒక విదేశీ కంపెనీ ఉద్యోగి చేతికి వచ్చిన సందర్భమిది. ఆనాడు ఆయన వయస్సు ముప్పై అయిదుకు లోపే.

తరువాతి ఏడేళ్లూ బుస్సీ ఉచ్చదశ. ఆయన బలం సంఖ్యలో లేదు. కవాతులో, వేగంగా కదిలే తేలికపాటి ఫిరంగులలో, ముఖ్యంగా నెలనెలా అందే జీతంలో ఉంది. నవాబుల సైన్యాలకు జీతాలు ఏడాదుల తరబడి బాకీపడడం ఆనాటి ఆనవాయితీ. బకాయిపడిన సైన్యం పోరాడదు, ప్రభువునే నిర్బంధిస్తుంది. 1751 చివర పీష్వా బాలాజీ బాజీరావు సేనపై చంద్రగ్రహణం రాత్రి దాడి చేసి చెదరగొట్టినా, మరుసటి సంవత్సరాల్లో దర్బారు కుట్రలను తట్టుకున్నా, ఆయనకు అండగా నిలిచింది సకాలంలో జీతం ముట్టిన సిపాయియే.

ఆ జీతానికి డబ్బెక్కడిది? సలాబత్ జంగు ఖజానా వట్టిపోయింది. 1753 ఆరంభంలో బుస్సీ జబ్బుపడి మచిలీపట్నంలో విశ్రాంతి తీసుకుంటున్న తరుణంలో దర్బారులోని వ్యతిరేకులు ఫ్రెంచి సైన్యానికి సొమ్ము అందకుండా చేశారు. కోలుకుని తిరిగివచ్చిన బుస్సీ, ఖజానా వాగ్దానాలను నమ్మడం మానుకున్నాడు. ఆ ఏడాది చివర ఔరంగాబాదులో ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం అనే నాలుగు సర్కారులను సైన్యం ఖర్చు నిమిత్తం తమ పరం చేయించుకున్నాడు. కృష్ణ నుంచి కళింగసీమ దాకా విస్తరించిన ఈ కోస్తా భూమిపై ఏటా ముప్పై లక్షల రూపాయలకు పైగా శిస్తు లెక్క. చట్టసభల చర్చలను నాలుగు దశాబ్దాలకు చేరువగా వింటున్న నాకు, బుస్సీ జీవితంలో అన్ని యుద్ధాలకంటే ఈ దస్తావేజే ఘనమైన ఘట్టంగా కనిపిస్తుంది. సైన్యానికి పెట్టే ప్రతి రూపాయికీ ప్రజాప్రతినిధుల ఆమోదం ఉండాలన్న సూత్రం కోసం ఇంగ్లండులో శతాబ్దాల పెనుగులాట జరిగింది. ఇక్కడ మాత్రం సైన్యాన్ని పోషించే రైతుకు, తనను ఎవరు ఎవరికి రాసిచ్చారో తెలిసే అవకాశం కూడా లేకపోయింది.

రాసిచ్చినంత మాత్రాన శిస్తు రాదు. సర్కారులలో అసలు అధికారం జమీందారులది. వారిలో విజయనగరం పూసపాటి విజయరామరాజు బుస్సీకి చేరువై, తోడ్పడి, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారులను గుత్తకు సంపాదించాడు. ఆయనకు పొరుగున ఉన్న బొబ్బిలి ప్రభువు రంగారావుతో తరతరాల వైరం. బొబ్బిలిని వదిలి వేరొకచోట జమీ పుచ్చుకొమ్మని బుస్సీ చేసిన ఏర్పాటును వెలమలు అవమానంగా భావించారు. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి కోటను చుట్టుముట్టాయి. లొంగడం ఎరుగని కోటలోనివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే కడతేర్చి, ఒక్కరొక్కరుగా పోరాడి కూలారు. శిథిలాల నుంచి ఒక వృద్ధుడు ప్రభువు కుమారుణ్ణి తెచ్చి ఫ్రెంచివారికి అప్పగించినట్టు ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ నమోదు చేశాడు. మూడు రోజుల తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే పొడిచి చంపి తానూ ప్రాణం విడిచాడు.

బొబ్బిలిని తెలుగువారు పౌరుషగాథగా పాడుకున్నారు. అది ఉచితమే. కాని ఆ పౌరుషానికి నిప్పంటించినది ఒక లెక్కల పుస్తకమన్న విషయం పాటల్లో వినిపించదు. శిస్తు వసూలు చేసి పెట్టగల జమీందారు ఒకడు బుస్సీకి కావాలి. అతని పగ తీర్చడం అందుకు చెల్లించిన ధర. బుస్సీ స్వభావరీత్యా క్రూరుడని సమకాలికులు చెప్పలేదు. ఓపిక, మర్యాద, మాటనేర్పు గలవాడనే చెప్పారు. అట్టి మనిషి చేతిమీదుగానే బొబ్బిలి జరిగిందంటే, దోషం మనిషికంటే ఏర్పాటులో ఎక్కువ ఉందని నేననుకుంటాను.

ఆ తరువాత పతనం వేగంగా సాగింది. డూప్లేను ఫ్రాన్సు 1754లోనే వెనక్కు పిలిచింది. 1756లో సలాబత్ జంగు కొలువు నుంచి బర్తరఫ్ చేసినప్పుడు హైదరాబాదు చార్ మహల్‌లో రెండు నెలలు తలదాచుకుని బుస్సీ నిలదొక్కుకున్నాడు. 1757 జూన్‌లో ఇంగ్లీషువారి విశాఖపట్నం స్థావరాన్నీ పట్టుకున్నాడు. కాని 1758లో పుదుచ్చేరికి కొత్త అధిపతిగా వచ్చిన లాలీ ఆయనను దక్కను విడిచి రమ్మన్నాడు. లాలీ శూరుడే, అయితే ఈ దేశాన్ని ఎరుగడు, ఎరిగినవారిని నమ్మడు. పదవిలో పెద్దవారైన కర్నళ్లే తమకంటే పైహోదా బుస్సీకి ఇమ్మని కోరినా అతని అనుమానం తీరలేదు. బుస్సీ కదలగానే దక్కను కట్టడం కూలింది. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి ఇంగ్లీషువారిని ఆహ్వానించాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. 1760 జనవరి 22న వందవాసి యుద్ధంలో బుస్సీ బందీ అయ్యాడు. మరుసటి జనవరిలో పుదుచ్చేరి లొంగిపోయింది. ఇంగ్లీషువారు దానిని నేలమట్టం చేశారు.

ఫ్రాన్సు చేరిన ఇద్దరు సేనానుల గతులు వేరయ్యాయి. రాజద్రోహ నేరంపై 1766లో లాలీకి శిరచ్ఛేదం జరిగింది. దక్కనులో గడించిన ధనంతో బుస్సీ ఎస్టేట్లు కొని, మార్క్వి బిరుదంతో, ప్రధాన మంత్రి ష్వాసూల్ బంధువర్గంలో వివాహమాడి సుఖించాడు. ఇంకొకరైతే అంతటితో కథ ముగిసేది. 1783 మార్చిలో, అరవై అయిదేళ్ల వయస్సులో, కీళ్లవాతంతో బాధపడుతూ, ఆయన మళ్లీ పోర్టో నోవో తీరాన దిగాడు. ఫ్రెంచి సాయం కోసం ఎదురుచూసిన హైదరాలీ అప్పటికి మూడు నెలల క్రితమే కన్నుమూశాడు. కడలూరులో బుస్సీ రక్షణయుద్ధం చేస్తుండగా, ఐరోపాలో సంధి కుదిరిందన్న వార్త వచ్చి కాల్పులు ఆగాయి. ఫ్రెంచివారు వైదొలగినందుకు టిప్పు ఆగ్రహించాడు. 1785 జనవరి 7న బుస్సీ పుదుచ్చేరిలోనే మరణించాడు. ఆయన కింద పనిచేసిన రేమండ్ తరువాత నిజాం కొలువులో చేరాడు. అతని సమాధి నేటికీ హైదరాబాదులో ఉంది.

ఓడిన పక్షపు సేనానిని ఎలా స్మరించాలన్నది అన్ని దేశాలకూ ఉన్న చిక్కే. బానిసత్వాన్ని నిలుపుకొనేందుకు పోరాడి 1865లో ఓడిన దక్షిణాది సేనాని రాబర్ట్ లీ విగ్రహాన్ని అమెరికాలో రిచ్‌మండ్ నగరంలో 2021లో తొలగించారు. పుదుచ్చేరిలో బుస్సీ వీధికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. పాత పేరూ జనం నోట మిగిలింది. పేర్ల మార్పుపై నాకు పేచీ లేదు. మాసిపోనిది ఆయన నేర్పిన పద్ధతి.

ఆ పద్ధతిని ఇంగ్లీషువారు ఆయనకంటే బాగా ఒంటపట్టించుకున్నారు. 1765లో మొగలు ఫర్మానాతోను, 1766లో నిజాం అలీతో ఒడంబడికతోను సర్కారులను కైవసం చేసుకున్నారు. 1788లో గుంటూరు చేరింది. 1798లో నిజాంపై సైన్యసహకార సంధి రుద్దారు. ఆ సైన్యం ఖర్చు కింద 1800లో నేటి రాయలసీమను తీసుకున్నారు. అంటే తెలుగునాడు సర్కారు, దత్తమండలం, నిజాం రాజ్యమని మూడు ముక్కలైనది భాషవల్ల కాదు, మతంవల్ల కాదు; అరువు తెచ్చుకున్న సైన్యాల జీతాల చిట్టావల్ల. 1956లో ఆ ముక్కలు కలిసినప్పుడు, 2014లో తిరిగి విడినప్పుడు పార్లమెంటు చర్చించిన వెనుకబాటులకు, అసమానతలకు మూలం కొంత ఆ చిట్టాలోనే ఉంది. తన రక్షణను ఇతరులకు అప్పగించి, అందుకు ప్రతిఫలంగా ఆదాయ వనరులను తాకట్టు పెట్టే ఏ ప్రభుత్వానికైనా సలాబత్ జంగు గతి ఒక హెచ్చరిక. 1762లో తమ్ముడే అతణ్ణి గద్దె దించాడు. మరుసటి ఏడు అతడు చెరలో మరణించాడు.

1954 అక్టోబరు 18న పుదుచ్చేరి పల్లెసీమలోని కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు సమావేశమయ్యారు. భారతదేశంలో విలీనం కావాలా వద్దా అని వారిని అడిగారు. 170 మంది కావాలన్నారు. రెండు శతాబ్దాలుగా సంధిపత్రాలపై చేతులు మారిన ఆ నేలలో, భూమిపై నివసించేవారిని అడిగి నిర్ణయం తీసుకున్న రోజు అది. ఔరంగాబాదు దర్బారులో 1753లో జరగనిది అదొక్కటే.