వైద్యశాస్త్ర తపస్వి – ఎల్లాప్రగడ సుబ్బారావు

క్యాన్సర్ సోకిన పసివారికి మరణమే గతి అని వైద్యలోకం చేతులెత్తేసిన కాలం ఒకటి ఉండేది. ఆ చీకటిలో తొలి దీపం వెలిగించిన మహనీయులలో మన తెలుగువాడైన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యుడు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. బాల్యమంతా పేదరికంతో పోరాటమే. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణుడు కాలేకపోయాడు. అనంతరం మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే జీర్ణవ్యాధితో మరణించడం ఆయన హృదయాన్ని కలచివేసింది.

1920వ దశకం తొలినాళ్ళలో, మామగారి సహాయంతోను, దాతల విరాళాలతోను సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడిగా పనిచేస్తూ, పగలు హార్వర్డ్‌లో చదువు సాగించాడు. ఆచార్య సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించాడు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, జీవకణాల శక్తినిధియైన ఏ.టి.పి.ని 1929లోను వెలుగులోకి తెచ్చిన కృషిలో ఆయన భాగస్వామి. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనలకు సారథ్యం వహించాడు.

ఆయన కృషి విలువ తెలియాలంటే క్యాన్సర్ స్వభావం కొంత తెలియాలి. ఆరోగ్యవంతమైన దేహంలో కణాలు ఇష్టానుసారం విభజన చెందవు. వృద్ధి కారకాలనే ప్రోటీన్లు కణం మీది గ్రాహకాలను తాకి సంకేతమిస్తేనే విభజన మొదలవుతుంది. గాయమైన చోట ఎరుపు, వేడి, వాపు కలగడాన్ని శోథ అంటారు. అప్పుడు అక్కడికి చేరిన తెల్లరక్తకణాలు వృద్ధి కారకాలను విడుదల చేసి గాయాన్ని మాన్పుతాయి. పని ముగియగానే శోథ చల్లారాలి. ఏళ్ళ తరబడి చల్లారకపోతే, మాన్పవలసిన సంకేతాలే దారితప్పిన కణాలకు ఊతమవుతాయి. అయితే సంకేతం అందినంత మాత్రాన కణం రెండుగా చీలలేదు. కొత్త డి.ఎన్.ఏ. నిర్మించుకోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అత్యవసరం.

ఈ ఫోలిక్ ఆమ్లాన్నే సుబ్బారావు బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలకు అవసరమైన పదార్థంగా గుర్తింపు పొందిన ఈ విటమిను, స్ప్రూ వ్యాధికీ, ఒక రకం రక్తహీనతకూ ఔషధమైంది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీని సంబంధిత పదార్థాలను రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి చూడగా వ్యాధి మరింత ఉద్ధృతమైనట్లు తోచింది. వృద్ధికి తోడ్పడే పదార్థాన్ని అడ్డగిస్తే వ్యాధి తగ్గాలి కదా! ఆ దిశలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని నిరోధించే అమినోప్టెరిన్‌ను అందించింది. ఫార్బర్ 1948లో ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలకుగాను 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే అయినా, మందుతో రక్తక్యాన్సర్‌ను వెనుకకు నెట్టవచ్చునని రుజువైంది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌తో 1956లో గర్భసంబంధమైన ఒక క్యాన్సర్ పూర్తిగా నయమైంది. స్వల్ప మోతాదులో అదే మందు కీళ్ళవాతంలోని శోథను అణచడం మరొక విశేషం.

బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పలు అంటువ్యాధులకు ఆరియోమైసిన్ కూడా ఆయన సారథ్యంలోనే వెలువడ్డాయి.

1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే సుబ్బారావు కన్నుమూశాడు. విడిచి వచ్చిన మాతృభూమిని, అర్ధాంగి శేషగిరిని మళ్ళీ చూడలేకపోయాడు. లోకానికి ఆయన చేసిన మేలు వెనుక ఆమె మౌనత్యాగమూ ఉంది. భారత ప్రభుత్వం 1995లో ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.

సాఫ్ట్‌వేర్ సౌధాల నడుమ మెట్రో రైలు చివరి మజిలీగా నిలిచిన హైదరాబాదులోని మియాపూర్ పరిసరాలు ఔషధ పరిశోధనకూ ప్రసిద్ధి. వృద్ధి సంకేతాలను అడ్డగించే నూతన ఔషధాల అన్వేషణ నేడు ప్రపంచమంతటా సాగుతున్నది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన బాలుడు ఆ అన్వేషణకు తొలి బాటలు వేసిన వారిలో ఒకడు కావడం విద్యార్థులందరూ గుర్తుంచుకోదగిన విషయం. ఓటమి చదువుకు ముగింపు కాదనడానికి ఆయన జీవితమే నిదర్శనం.