నారు పోసిన మాస్టారు – సయ్యద్ అబ్దుల్ రహీం

మా మెండోరలో నాట్లు అయినంక పచ్చటి మడిని చూసి దారిన పోయే ప్రతివాడూ బాగుందంటాడు. నారుమడి కాడ ఆగి చూసేవాడు మాత్రం ఉండడు. నారు బలంగా లేకుంటే ఎంత ఎరువు వేసినా పంట అంతంత మాత్రమేనని మా నాయిన ఏటా చెప్పే మాట. భారత ఫుట్‌బాల్ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకొస్తుంది. గోల్ కొట్టినవాళ్ళ పేర్లు పెద్దలకు ఎరుకే. వాళ్ళకు నారు పోసిన మాస్టారు పేరు మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు? ఆయన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్.

రహీం 1909లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టు తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. తర్వాత బడిపంతులైనాడు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, పిల్లలకు ఆటలు నేర్పడమే జీవితంగా పెట్టుకున్నాడు. మనం కాస్త చిన్నచూపు చూసే డ్రిల్లు మాస్టారు ఉద్యోగమన్నమాట! ఆ మాస్టారే 1950 నాటికి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ కోచ్ అయినాడు.

ఆయన పద్ధతి చూస్తే సైన్సు విద్యార్థిగా నాకు ముచ్చటేస్తుంది. ప్రయోగశాలలో మనమేం చేస్తాం? మిగతావన్నీ స్థిరంగా ఉంచి ఒక్క అంశాన్నే మార్చి చూస్తాం. రహీం కూడా అంతే. బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకొని ఒక్కడే ఉరికే అలవాటు మాన్పించడానికి, డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టాడు. బంతి అందగానే ఇంకొకరికి ఇవ్వాల్సిందే. ఎడమ కాలు మొద్దుగా ఉన్నవాళ్ళ కోసం, వాటం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టాడు. పైసలు ఖర్చయ్యేది ఏమీ లేదు, నియమం ఒక్కటి మార్చాడు, అంతే.

ఫలితం అందరూ చూశారు. సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అందులో నూర్ మహమ్మద్ అనే హాఫ్ బ్యాక్ ఉండేవాడు. మైదానం నడుమ నిలబడి, ఎదుటివాళ్ళ దాడిని ఆపి, మనవాళ్ళకు బంతి అందించడం ఆయన పని. 1952, 1956 ఒలింపిక్స్ రెండూ ఆడాడు. సికింద్రాబాద్ పేదింటి పిల్లగాడు తులసీదాస్ బలరాంకు శిక్షణకు రావడానికి దారి ఖర్చులు లేకపోతే, సైకిల్ కిరాయికని రహీమే రోజుకు రూపాయి ఇచ్చేవాడు. ఆ బలరాం తర్వాత దేశం మెచ్చిన ఫార్వర్డ్ అయినాడు.

జాతీయ జట్టు దారి మాత్రం పూలబాట కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో, చాలామంది బూట్లు లేకుండా ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. రహీం కుంగిపోలేదు. ఆ కాలంలో మేటి అయిన హంగరీ ఆటను గమనించి, సెంటర్ ఫార్వర్డ్‌ను కొంచెం వెనక్కి దింపి నడిమి వరుసను బలపరచే ఎత్తుగడ మనవాళ్ళకు నేర్పాడు. 1956లో మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టయింది. చివరికి నాలుగో స్థానం దక్కింది.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాతి ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని ఇంటికి పంపలేదు, సెమీఫైనల్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు నిలబెట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్. రాజకీయ వివాదం వల్ల సుమారు లక్షమంది ప్రేక్షకులు మనకు ఎదురుగా అరుస్తుండగా, పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశాడు. ఆ తర్వాత మన పురుషుల జట్టు ఆసియా క్రీడల స్వర్ణం మళ్ళీ చూడలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌కూ అర్హత పొందలేదు. ఆటగాళ్ళు కరువైనారని నేను అనుకోను. నారు పోసే చెయ్యి కరువైంది. 2024లో ఆయనపై హిందీలో మైదాన్ సినిమా వచ్చాక కొందరికి పేరు తెలిసింది, సంతోషమే. కాని సినిమా జ్ఞాపకమే ఇస్తుంది, నారు పోయదు గదా!

ఆటలు కూడు పెడ్తయా అని మా నాయిన అడుగుతాడు. జవాబు చెప్పలేక ఊరుకుంటాను. నేనూ కాలేజీలో హాఫ్ బ్యాక్‌నే. నా ఎడమ కాలు వట్టి కట్టె. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు కళ్ళంలో గోడకేసి ఆ కాలితోనే బంతి కొడుతున్నాను. ఇప్పుడిప్పుడే అది నా మాట వింటున్నది.

యూనియన్ పెద్దలకు నా మనవి ఒక్కటే. వచ్చే ఏడు తరగతుల మధ్య పోటీల్లో ఒక్కరోజు డ్రిబ్లింగ్ లేని ఆట పెట్టండి, ఇంకొక రోజు వాటం లేని కాలి ఆట పెట్టండి. కప్పు కొనకున్నా పర్వాలేదు. ఒక బంతి, ఒక ఈల, ఓపిక గల ఒక మాస్టారు ఉంటే చాలు. రహీం సాబ్ మొదలుపెట్టింది కూడా అంతటితోనే.