పావురం కథతో అమెరికాను గెలిచిన ధన్ గోపాల్ ముఖర్జీ



కిందటి టర్మ్‌లో మా ఏడో తరగతి పిల్లల్ని ఇంగ్లీషులో సొంతంగా ఒక కథ రాసుకు రమ్మన్నాను. వచ్చిన కథల్లో సగానికి పైగా టామ్‌లు, లూసీలే ఉన్నారు. మంచు కురిసింది, కేకులు కోశారు. మన వీధి గానీ, అమ్మమ్మగారి ఊరు గానీ ఎక్కడా కనిపించలేదు. ఎందుకలా అని అడిగితే, ఇంగ్లీషు కథలో మన పేర్లు పెడితే బాగుండవు కదా అన్నాడొక బాబు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆ తర్వాత క్లాసులో పిల్లలకు ఒక రచయిత జీవితం చెప్పాను. ఈ నెల అదే మీకూ చెబుతున్నాను.

ఆయన పేరు ధన్ గోపాల్ ముఖర్జీ. 1890లో కలకత్తా దగ్గరి ఒక పల్లెలో పుట్టారు. వాళ్లది గుడి పూజారుల కుటుంబం. పక్కనే అడవి ఉండేది. ఏనుగులు, కోతులు, పక్షులు, తల్లి నోటి నుంచి విన్న పురాణ కథలు, ఇవే ఆయన బాల్యం. చదువు కలకత్తాలోని మిషనరీ స్కూల్లో సాగింది. ఇంటి ఆచారం ప్రకారం పూజారి కాబోయే ముందు కొంతకాలం భిక్షాటన చేస్తూ ఊళ్లు తిరిగారు. తిరిగొచ్చాక పూజారి పని తనకు సరిపడదని అర్థమై, మళ్లీ చదువు వైపు వచ్చారు.

అవి స్వాతంత్ర్య ఉద్యమపు రోజులు. ఆయన అన్న జాదుగోపాల్ బెంగాల్ విప్లవకారుల్లో ముఖ్యుడు. తమ్ముడు మాత్రం ఇరవై ఏళ్లు నిండకముందే పరిశ్రమల యంత్రాల చదువు కోసం జపాన్ వెళ్లారు. ఇప్పటి మన మాటల్లో చెప్పాలంటే ఇంజనీరింగ్ కోసం ఫారిన్ వెళ్లిన పిల్లాడన్నమాట. కానీ అక్కడి ఫ్యాక్టరీలు చూశాక ఆయనకు మనసు విరిగిపోయింది. పనిచేస్తూ ఒక మనిషి గాయపడితే, అతని సంగతి పట్టించుకోకుండా ఆ స్థానంలో ఇంకొకరిని నిలబెట్టి పని నడిపించేవాళ్లట. ఈ చదువు నాది కాదనుకుని ఆయన 1910లో ఓడెక్కి శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు.

చేతిలో డబ్బు లేదు. అండగా నిలిచే బంధువులూ లేరు. పరాయి ఇళ్లలో గిన్నెలు కడిగారు, పొలాల్లో కూలి పని చేశారు. అలా కష్టపడుతూనే బర్కిలీలో చేరి, తర్వాత స్టాన్‌ఫోర్డ్‌కు మారి, 1914లో పట్టా అందుకున్నారు. మొదట కవితలు, నాటకాలు రాశారు. ఉపన్యాసాలిస్తూ ఊళ్లు తిరిగారు. 1918లో ఎథెల్ రే డుగన్ అనే అమెరికన్ టీచర్‌ను పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు ఒక కొడుకు. తర్వాత ఆ కుటుంబం న్యూయార్క్ ప్రాంతానికి మారింది.

ఆయన దారి మారింది పిల్లల పుస్తకాలతోనే. 1922లో వచ్చిన 'కరి ది ఎలిఫెంట్' ఒక కుర్రాడూ, అతను పెంచిన ఏనుగూ కలిసి పెరిగిన కథ. 1924లో 'హరి ది జంగిల్ ల్యాడ్' వచ్చింది. అప్పట్లో అక్కడి పిల్లలకు మన అడవులంటే చాలావరకు ఇంగ్లీషు దొరల వేట కథల ద్వారానే తెలుసు. ఈయన మాత్రం ఆ అడవిని తన ఊరి పక్కన ఉన్నదిగా, తన బాల్యంలో భాగంగా రాశారు.

1927లో వచ్చింది 'గే-నెక్, ది స్టోరీ ఆఫ్ ఎ పిజియన్'. గే-నెక్ అంటే ఎవరో కాదు, చిత్రగ్రీవుడు. చిన్నయ సూరి నీతిచంద్రిక చదివినవాళ్లకు, అందులో వలలో చిక్కిన పావురాల రాజు చిత్రగ్రీవుడు గుర్తుండే ఉంటాడు. ముఖర్జీ కథలోని పావురం వేరు, పేరు మాత్రం అదే. కలకత్తాలో ఒక అబ్బాయి ఈ పావురాన్ని పెంచుతాడు. అది హిమాలయాల మీదుగా ఎగురుతుంది, డేగల నుంచి తప్పించుకుంటుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైనికులతో పాటు ఫ్రాన్స్ వెళ్లి ఉత్తరాలు మోస్తుంది. తిరిగొచ్చాక భయం పట్టుకుని ఎగరలేకపోతుంది. యుద్ధానికి వెళ్లొచ్చిన వేటగాడు ఘోండ్ మనసూ అలాగే గాయపడుతుంది. కొండల్లోని బౌద్ధ మఠంలో ఆ ఇద్దరూ మళ్లీ కోలుకోవడమే కథలో నన్ను కదిలించిన భాగం. భయపడిన పిల్లలకు అరుపులూ హెచ్చరికలూ కాదు, ప్రశాంతత కావాలని టీచర్‌గా నాకు గుర్తుచేసిన పుస్తకం ఇది.

1928లో ఈ నవలకు న్యూబెరీ మెడల్ వచ్చింది. పిల్లల సాహిత్యానికి అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1922 నుంచి ఏటా ఇస్తున్న పెద్ద పురస్కారమది. దాన్ని అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు, భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి కేసులో, మనవాళ్లకు పౌరసత్వం పొందే అర్హత లేదని తీర్పిచ్చింది. అంటే తమ దేశపు ఉత్తమ పిల్లల పుస్తకం రాశాడని మెడల్ ఇచ్చిన దేశమే, ఆయన్ని తన పౌరుడిగా ఒప్పుకోలేదు. ఆ చట్టం 1946లో గానీ మారలేదు. భారతీయుల్ని తక్కువ చేస్తూ కేథరిన్ మేయో 'మదర్ ఇండియా' రాసినప్పుడు, 1928లో ముఖర్జీ జవాబుగా మరో పుస్తకం రాశారు. ఇటు ఇండియా గురించి అక్కడివాళ్లకు వివరిస్తూ, అటు ఆ దేశంలో తన చోటు వెతుక్కుంటూ ఆయన జీవితం గడిచింది.

చివరి సంవత్సరాల్లో ఆయన మనసు బాగా కుంగిపోయింది. 1936 జూలైలో, 46 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో తన ప్రాణం తానే తీసుకున్నారు. ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఏ ఒక్క కారణంతోనో దాన్ని వివరించలేం, వివరించకూడదు కూడా. కానీ దాచిపెడితే ఆయన జీవితంలో సగమే చెప్పినట్టవుతుంది. పేరు, పట్టా, మెడల్ అన్నీ ఉన్న మనిషి కూడా లోపల కష్టపడుతూ ఉండొచ్చు.

మనలో చాలామంది పిల్లలు రేపు హాస్టళ్లకో, విదేశాలకో వెళ్తారు. ఫోన్ చేసినప్పుడు మార్కులెన్ని, ప్యాకేజీ ఎంత అని అడిగే ముందు, అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా, మాట్లాడటానికి ఎవరైనా ఉన్నారా అని అడుగుదాం. పిల్లలు ఒక్కసారిగా ముభావంగా మారితే, అది పొగరనో బద్ధకమనో అనుకోకుండా పక్కన కూర్చుందాం. అవసరమైతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు. డాక్టర్‌ను కలవడం నామోషీ కాదు.

చివరగా ఒక చిన్న హోంవర్క్, ఈసారి మీకు. ఈ ఆదివారం టీవీ కట్టేసి, మీ చిన్నప్పటి సంగతి ఏదైనా పిల్లలకు తెలుగులోనే చెప్పండి. మీ ఊరి చెరువు గురించైనా, మీ ఇంటి గేదె గురించైనా సరే. దాన్ని ఇంగ్లీషులో రాసుకు రావడం వాళ్ల పని. పేర్లు మాత్రం మార్చొద్దని చెప్పండి. వాళ్ల ఇంగ్లీషు పాడవుతుందని భయపడకండి. ముఖర్జీ ఇంగ్లీషుకు బలం అమ్మ దగ్గర విన్న కథల నుంచే వచ్చింది.

టామ్, లూసీల కథ రాసిన ఆ బాబు ఈమధ్య ఇంకో కథ తెచ్చాడు. అందులో వాళ్ల తాతయ్య, ఆయన పాత సైకిల్ ఉన్నారు. స్పెల్లింగ్ తప్పులు ఆరు. అవి దిద్దుకుంటాం. కథ మాత్రం బాగుంది.